ఎడంచేతి ఈల

రెండో శనివారం. కోర్టు సెలవు.
ఎండకన్నట్టు మొహానికి స్కార్ఫు కట్టి
స్కూటీని ఏడు రోడ్ల జంక్షన్ దాటించి
పాలకొండ రోడ్డులో బట్టల కొట్టు ముందు ఆపుతాను.
అక్కడైతే ఎవరు చూసినా
జాకెట్టు ముక్క కోసం వచ్చాననుకుంటారు.
అక్కణ్ణించి థియేటరుకి నడక.
బాల్కనీ, ఒకటి, అని వేలు చూపిస్తాను
గొంతు బయటపడకుండా.

నిన్న ఇదే గొంతుతో
"కస్టడీలో మనిషి ఒంటి మీద ప్రతి వాతా
రాజ్యం పెట్టిన సంతకం, యువరానర్" అన్నాను.
జూనియరు భాగ్యరేఖ ఆ మాట డైరీలో రాసుకుంది.

తెర మీదకి వాడొచ్చాడు.
గెడ్డం, నల్ల లుంగీ, మెడలో పులిగోరు.
దొంగసారా ముఠాకి నమ్మిన బంటు.
వాడు పోలీసని ఊరు మొత్తం మీద ఒక్కడికే తెలుసు,
ఆ ఒక్కడూ ఇంటర్వెల్ లోపల చచ్చిపోతాడు.
నాకు తెలుసు.
గోడౌన్లో డ్రమ్ములు పగలడానికే పేర్చారని,
హీరోయిన్ రెండు పాటలకీ ఒక కిడ్నాపుకీ వస్తుందని,
సుమోలు గాల్లోకి ఎందుకు లేస్తాయో
వాటి డ్రైవర్లకి కూడా తెలీదని.
అన్నీ తెలిసీ, వాడు చొక్కా చేతులు మడుస్తుంటే
చెప్పులో నా కాలి బొటనవేలు బిగుసుకుంటుంది.

లాకప్ సీను.
కుర్చీకి కట్టేసిన రౌడీ వేళ్లు
ఒక్కొక్కటీ వెనక్కి విరుస్తున్నాడు.
సెక్షను నంబరు నాలిక మీదకి వచ్చింది.
పాప్‌కార్న్‌తో కలిపి మింగేశాను.
"ఇంకోటి" అన్నారెవరో.
పక్కకి తిరిగి చూశాను.
అటూ ఇటూ సీట్లు ఖాళీ.

కింద, తెర దగ్గర బెంచీల్లోంచి ఒక ఈల.
సగం ఈల. గాలి కారిపోతున్న ట్యూబులాంటి ఈల.

సమోసాల దగ్గర "మేడమ్‌గారూ" అని పిలుపు.
స్కార్ఫు ఉంది. అయినా పోల్చేశాడు.
"నడక బట్టి మేడమ్.
కోర్టు మెట్లు ఎక్కినట్టే ఎక్కతన్నారు."

తవిటేసు. ఆమదాలవలస స్టేషను స్టాండులో ఆటో.
పొలం మోటారు తీగ దొంగతనం కేసు,
ఆ తీగ అతను తియ్యలేదు.
మూడు రాత్రులు లోపలుంచారు.
కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.
ఎక్స్‌రే నా ఫైల్లో ఉంది, ఎగ్జిబిట్ నాలుగు.

"ఈలకి ఆ సెయ్యి పనికిరాదు మేడమ్.
ఎడం సేత్తో నేర్సుకుంతన్నాను. ఇంకా కుదరనేదు."
అరచేత్తో గోలీ కొట్టి సోడా నా చేతికిచ్చాడు.

అడగకూడదు. అడిగాను.
ఆ సీను ఎలా చూశావయ్యా అని.

తల గోక్కున్నాడు.
"ఏటి సేత్తాం, బాగుంటాది.
ఆ మూడు రేత్రులూ నానొకటే సూసినాను మేడమ్.
కొడతన్న ఆ నలుగురిలోన
ఒకడైనా గెడ్డం పీకి, జేబులోంచి కార్డు తీసి
'ఆగండ్రా' అంటాడేటో అని.
ఆళ్లకి గెడ్డాలు నేవు. అయినా సూసినాను.
రెండో రేతిరయితే,
ఇంకా ఇంటర్వెల్ అవ్వనేదు కదా అనుకున్నాను."

బెల్లు మోగింది.
సోడా ముక్కులోకి పోయింది నాకు.
"పదేడున కదా వాయిదా?"
"పదిహేడు."
"రెండో సగం ఇంకా బాగుంటాదంట మేడమ్, ఎల్లండి."

చీకట్లో స్కార్ఫు విప్పి ఒళ్లో పెట్టుకున్నాను.
వాన. మెరుపు. ముఠా అంతా చుట్టూ నిలబడి ఉంది.
వాడు గెడ్డం మీద చెయ్యి వేశాడు,
నెమ్మదిగా, మన ఓపిక ఎంతో చూస్తున్నట్టు.
హాలు హాలంతా లేచింది.
నేను లేచానో లేదో భాగ్యరేఖకి చెప్పను.

కింద నుంచి ఈల.
ఈసారి కాస్త గట్టిగానే వచ్చి
చివర్లో కారిపోయింది.

ఎడంచేతి వేళ్లు రెండు నోట్లో పెట్టుకున్నాను.
ఉప్పు రుచి.
ఊదాను.
గాలే వచ్చింది.